ఫోనుకూ కావాలి కొంగుముడి

ఉగ్గాని బండి నుంచి పత్తి యార్డు దాకా కర్నూలు పడమటి పల్లెల్లో ఇప్పుడు ఫోనే పర్సు. పర్సును కాపాడుకోవడం మనకు తాతల నాటి నుంచి వచ్చిన విద్య. ఫోనును కాపాడుకోవడం మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాం.

ఆదోని బస్టాండు బయట పొద్దున ఏడు గంటలు. ఉగ్గాని బండి చుట్టూ పదిమంది మూగారు. బాణలిలో మిరపకాయ బజ్జీలు పొంగుతున్నాయి. బండి కమ్మీకి కట్టిన చిన్న డబ్బా నిమిషానికోసారి 'ముప్పై రూపాయలు వచ్చాయి' అని అరుస్తోంది. బండి ఆమె తలెత్తి చూడదు. ఎవరు కొట్టారో, ఎవరు కొట్టలేదో చెవితోనే లెక్క.

పల్లె నుంచి వచ్చిన ఓ అవ్వ పొట్లం అందుకుంది. కొంగుముడి విప్పుతుందేమో అనుకుంటే, రొంటిన దోపుకున్న ఫోను తీసి పక్కనున్న కుర్రాడి చేతికిచ్చింది.

"నువ్వే కొట్టు నాయనా, నాకు కండ్లు ఆనవు."

కుర్రాడు స్కాన్ చేశాడు. "పిన్ను ఎంతవ్వా?"

"ఎనక ఉంది సూడప్పా."

ఫోను తిప్పితే, ప్లాస్టిక్ కవరు లోపల మడిచిపెట్టిన చీటీ. దాని మీద నీలం పెన్నుతో నాలుగు అంకెలు. గుంటూరుకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతూ కొడుకు రాసిపెట్టిన చీటీ అది. కుర్రాడు అంకెలు పైకి చదువుతూ నొక్కాడు. డబ్బా అరిచింది. అవ్వ ఫోను తీసుకుని మళ్లీ రొంటిన దోపి, పైన కొంగు బిగించి ముడేసింది.

ముడి గట్టిదే. కానీ తాళంచెవి తలుపుకే వేలాడుతోంది.

కొంగులో కొంత, పెట్టెలో కొంత

డబ్బు దాచుకోవడంలో ఈ నేల మనుషులకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. సంతకు పోయే ఆడమనిషి కొంగు చివర కట్టుకునేది ఆ పూట ఖర్చుకు సరిపడా చిల్లరే. మిగతాది ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున, చీరల మడతల్లో ఉంటుంది. ఆదోని యార్డులో పత్తి అమ్ముకుని ఊరికి తిరిగివచ్చే రైతు నోట్లకట్టను పై జేబులో పెట్టుకోడు. బనీనుకు లోపలివైపు కుట్టించుకున్న జేబు ఉంటుంది, అందులోకి పోతుంది. వక్కాకు సంచిలో నోట్లు మడిచి పెట్టుకునే పెద్దాయన ఆ సంచిని మనవడి చేతికి కూడా ఇవ్వడు. ఆకు కావాలంటే తానే తీసిస్తాడు.

ఈ అలవాట్లలో మూడు సూత్రాలున్నాయి. అవసరమైనంతే వెంట తీసుకుపో. ఉన్నదెంతో పదిమందికి చూపించకు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ నీ చేత్తో నువ్వే లెక్కపెట్టుకో. ఫోనుతో డబ్బు కట్టేటప్పుడు నిపుణులు చెప్పే జాగ్రత్తలన్నీ కలిపి వడకడితే మిగిలేవి కూడా ఈ మూడే. కాకపోతే కొంగుముడి కంటికి కనిపించేది. ఫోనులో ముడి ఎక్కడ వేయాలో తెలియక, చాలామంది వేయకుండానే వదిలేస్తున్నారు.

నెల లెక్క ఐదు నిమిషాల్లో

నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ తయారుచేసిన యూపీఐని 2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ ప్రారంభించారు. పల్లెల్లో దాని పేరు విన్నవాళ్లు అప్పట్లో లేరనే చెప్పాలి. అదే ఏడాది నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. పత్తి మండీకొచ్చే రోజులవి. సరుకుంది, కొనేవాళ్లున్నారు, చేతిలో పెట్టడానికి చెల్లే నోటు లేదు. డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చింది. ఆ డిసెంబరు నెల మొత్తానికి దేశమంతా కలిపి యూపీఐలో జరిగిన చెల్లింపులు దాదాపు 20 లక్షలు.

2025 ఆగస్టులో ఆ సంఖ్య 2,001 కోట్లు. అంటే 2016 డిసెంబరులో నెలంతా జరిగినన్ని చెల్లింపులు ఇప్పుడు ఐదు నిమిషాలు తిరక్కముందే అయిపోతున్నాయి.

మధ్యలో కొవిడ్ ఒక పెద్ద తోపు తోసింది. 2020 ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో కేసులు ఎక్కువగా ఉన్న జిల్లా కర్నూలే. నోటు ముట్టుకోవాలంటే భయం. చిల్లర పళ్లెంలో వేయమని, దూరంగా నిలబడమని చెప్పిన దుకాణదారు కౌంటరు మీద నల్లచుక్కల కాగితం అతికించాడు. మహమ్మారి పోయింది, కాగితం ఉండిపోయింది.

మాట కూడా దానితోపాటే స్థిరపడింది. ఇక్కడ క్యూఆర్ కోడ్ అనేవాళ్లు తక్కువ. "స్కానర్ ఉందా?" అంటారు. ఏ యాప్ వాడినా అడిగేది మాత్రం "ఫోన్‌పే కొట్టేదా?" అనే. డబ్బు పంపడం 'కొట్టడం' అయింది, చేరడం 'పడటం' అయింది. "కొట్టినా సూడన్నా." "ఇంకా పడలే, ఉండు." ఈ రెండు మాటల మధ్య గడిచే క్షణాల్లోనే బేరమంతా ఉంది, మోసమంతా కూడా ఉంది.

స్కానర్ కాగితంలో ఏముంది?

ఆ నల్లచుక్కల్లో డబ్బేమీ ఉండదు. ఉండేది ఒక చిరునామా, ఒక పేరు. ఉత్తరం మీద అడ్రసు రాసినట్టే. మన ఫోను ఆ చిరునామా చదివి, ఎంత పంపాలో మనల్ని అడిగి, మన బ్యాంకుకు కబురు పంపుతుంది. పిన్ సరిపోతే మన బ్యాంకు ఖాతాలోంచి తీసి, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వంతెన మీదుగా అవతలి బ్యాంకుకు చేరుస్తుంది. పిన్ మనం నొక్కగానే సంకేత రూపంలోకి మారి బ్యాంకుకు పోతుంది. దుకాణదారుకు అది తెలియదు, యాప్ నడిపే కంపెనీకీ తెలియదు.

ఇంకో తాళం కూడా ఉంది. దాన్ని చాలామంది గమనించరు. యాప్ మొదటిసారి పెట్టుకున్నప్పుడు ఫోను తనంతట తానే ఓ మెసేజ్ పంపుతుంది. బ్యాంకులో రాయించిన నంబరు గల సిమ్ము ఆ ఫోనులోనే ఉందని రుజువు చేసేది అదే. ఆ తర్వాత యాప్ ఆ ఫోనుకూ, ఆ సిమ్ముకూ ముడిపడిపోతుంది. కాబట్టి పిన్ ఒక్కటే తెలిసిన దొంగ ఏమీ చేయలేడు, ఫోను ఒక్కటే దొరికిన దొంగా చేయలేడు. రెండూ కలిస్తేనే ఖాతాలోని డబ్బు కదులుతుంది. మన అవ్వ ఫోను వెనక చీటీ చేసిన పని ఇదే. విడివిడిగా ఉండాల్సిన రెండు తాళంచెవులనూ ఒకే దారానికి గుచ్చి పెట్టింది.

ఆనిస్తే చాలు

నగరాల్లో స్కాన్ చేసే పని కూడా తగ్గుతోంది. ఫోనును మిషన్ దగ్గరకు తెస్తే చాలు, బీప్ మంటుంది. దీని వెనకున్నది ఎన్‌ఎఫ్‌సీ అనే రేడియో సంకేతం. 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, నాలుగు సెంటీమీటర్లు దాటితే దాదాపు అందదు. రెండు వేళ్ల వెడల్పు అన్నమాట. గూగుల్ పే, శాంసంగ్ వాలెట్ వంటి యాప్‌లలో బ్యాంకు కార్డును చేర్చుకుంటే, ఫోను ఆ కార్డు అసలు నంబరును మిషన్‌కు ఇవ్వదు. దాని బదులు వేరే నంబరు, టోకెన్, ఇస్తుంది. ఎవరైనా దాన్ని దొంగిలించినా కార్డు నంబరు దొరకదు. ఈ టోకెన్ పద్ధతికి రిజర్వు బ్యాంకు 2019 జనవరిలో అనుమతి ఇచ్చింది.

జేబులో ఉన్న ఫోను దగ్గర మిషన్ పెట్టి డబ్బు లాగేస్తారన్న భయం చాలామందికి ఉంది. లాక్ వేసిన ఫోను అలా డబ్బు ఇచ్చేయదు. ముందు తెర వెలగాలి, లాక్ తీయాలి. ఆ రకంగా చూస్తే, ప్లాస్టిక్ కార్డు కన్నా ఫోనే నయం. కార్డును ఆనించి 5,000 రూపాయల దాకా పిన్ లేకుండానే కట్టొచ్చు. 2021 జనవరి 1 నుంచి ఆ పరిమితి అమల్లో ఉంది, అంతకుముందు 2,000 ఉండేది. ఆ సదుపాయం వద్దనుకుంటే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆపేసుకోవచ్చు, పరిమితి తగ్గించుకోవచ్చు.

సిగ్నల్ సరిగా అందని చోటికి పనికొచ్చేది యూపీఐ లైట్ ఎక్స్. 2023 సెప్టెంబరులో వచ్చింది. ఎన్‌ఎఫ్‌సీ ఉన్న రెండు ఫోన్లను దగ్గరకు చేర్చి, నెట్ లేకుండానే చిన్న మొత్తాలు పంపుకోవచ్చు. కానీ ఇప్పటికి మన రోడ్ల మీద రాజ్యం స్కానర్ కాగితానిదే.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు

ఈ కథనంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే పైన పెట్టిన ఈ శీర్షికను గుర్తుంచుకోండి. పిన్ నొక్కితే డబ్బు పోతుంది. రావడానికి పిన్ నొక్కాల్సిన పనే లేదు, స్కాన్ చేయాల్సిన పనీ లేదు. మోసాల్లో చాలావి ఈ చిన్న సంగతి తెలియకపోవడం మీదే బతుకుతున్నాయి.

ఎమ్మిగనూరు అంటే చేనేత. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు. ఇలాంటి ఊళ్లో ఓ నేతన్న చీర ఫొటో వాట్సాప్‌లో పెట్టాడనుకోండి. అవతల ఎవడో హిందీ కలిసిన తెలుగులో ఫోన్ చేస్తాడు. తాను సైన్యంలో ఉన్నానంటాడు, బేరమే ఆడడు. "నేను స్కానర్ పంపుతున్నా, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అంటాడు. బేరమాడని కొనుగోలుదారును చూసినప్పుడే అనుమానం రావాలి. స్కాన్ చేసి పిన్ కొడితే చీర డబ్బు రాకపోగా ఖాతాలో ఉన్నది పోతుంది. డబ్బు ఇవ్వమంటూ అవతలి మనిషి యాప్‌లోనే పంపే కలెక్ట్ రిక్వెస్టులూ ఇలాగే నడిచేవి. అందుకే మనిషి నుంచి మనిషికి వెళ్లే ఆ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేయాలని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ బ్యాంకులనూ యాప్‌లనూ ఆదేశించింది.

రెండో రకం మోసం దుకాణదారుకు. కొనేవాడు ఫోను తెర చూపిస్తాడు. పచ్చటి టిక్కు గుర్తు, పేరు, మొత్తం అన్నీ ఉంటాయి. అది అచ్చం అసలుదానిలా తయారుచేసిన బొమ్మ. గిరాకీ మీద ఉన్నప్పుడు తెర చూసి తలూపేస్తే సరుకు పోయినట్టే. డబ్బా అరవాలి, లేదా తన ఫోనులో బ్యాంకు మెసేజ్ పడాలి. ఉగ్గాని బండి ఆమె చెవితో లెక్కపెట్టుకోవడం అందుకే సరైన పద్ధతి. అసలు స్కానర్ మీద వేరేవాళ్ల స్కానర్ అతికించి పోయే దొంగలూ ఉన్నారు. పొద్దున బండి తీయగానే ఒకసారి తన స్కానర్‌ను తానే స్కాన్ చేసి, తన పేరు వస్తోందో లేదో చూసుకోవాలి. కొనేవాళ్లు కూడా పిన్ నొక్కేముందు తెర మీది పేరు పైకి చదివి "ఇదేనా అన్నా?" అని అడగడం మంచిది.

మూడోది అన్నిటికన్నా ప్రమాదం. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక పేరుతోనో, ట్రాఫిక్ చలాన్ పేరుతోనో, పీఎం కిసాన్ డబ్బు పేరుతోనో ఏపీకే ఫైలు వస్తుంది. అది ఫొటో కాదు, ప్రోగ్రామ్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోనుకు వచ్చే మెసేజ్‌లు, ఓటీపీలు దొంగకు చేరతాయి. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా నొక్కొద్దు. వాళ్ల ఫోను అప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు. ఫోన్ చేసి అడగండి: "పత్రిక నువ్వే పంపినావా?"

సుగ్గికి పోయినోళ్ల ఇండ్లలో

కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు వానలు ముఖం చాటేస్తే ఊళ్లకు ఊళ్లు తాళాలు వేసుకుంటాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు, బెంగళూరుకు భవనాల పనులకు జనం కదులుతారు. దీన్నే సుగ్గికి పోవడం అంటారు. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లు, బడి పిల్లలు. ఒకప్పుడు ఊరికి వచ్చేవాళ్ల చేతికి నోట్లు ఇచ్చి పంపేవారు. అది చేరేదాకా గుండె దడ. ఇప్పుడు మిరప చేలో సాయంత్రం కూలి చేతికందితే, రాత్రికి ఊళ్లో తల్లి ఖాతాలో పడుతోంది. యూపీఐ చేసిన నిజమైన మేలు ఇదీ.

చిక్కల్లా అవతలి కొసలో ఉంది. చదువురాని అవ్వ, పాత ఫోను, పిన్ చీటీ. ఆమె పిన్ కిరాణా కొట్టు యజమానికి తెలుసు, పక్కింటి పిల్లోడికి తెలుసు. ఎవరూ చెడ్డవాళ్లు కాకపోవచ్చు. కానీ పెట్టె తాళం ఊరంతా తిరగనిచ్చే ఇల్లు ఉంటుందా?

దీనికి దారులున్నాయి. మొదటిది యూపీఐ సర్కిల్. 2024 ఆగస్టులో వచ్చింది. గుంటూరులో ఉన్న కొడుకు తన ఖాతాను అవ్వ ఫోనుకు జతచేసి, నెలకు 15,000 రూపాయలు దాటకుండా హద్దు పెట్టొచ్చు. ఒక్కసారికి 5,000 దాటదు. అవ్వకు వేరే బ్యాంకు పిన్ అక్కర్లేదు. ఖర్చయిన ప్రతి రూపాయీ కొడుకుకు కనిపిస్తుంది. అదీ వద్దనుకుంటే, ప్రతి చెల్లింపుకూ కొడుకే అక్కడి నుంచి సరేనంటే తప్ప డబ్బు కదలకుండా పెట్టుకోవచ్చు.

రెండోది యూపీఐ లైట్. ఇది అచ్చంగా కొంగుముడే. ఖాతాలోంచి 5,000 రూపాయలకు మించకుండా విడిగా తీసి పెట్టుకుంటాం. 1,000 లోపు చెల్లింపులకు పిన్ అడగదు. పదిమంది మధ్య పిన్ నొక్కే అవసరమే రాదు. ముడిలో ఉన్నది పోయినా పెట్టెలోది భద్రం. కాకపోతే పిన్ అడగదు కాబట్టి ఫోనుకు లాక్ తప్పనిసరి.

మూడోది మరీ పాత ఉపాయం, రెండు ఖాతాలు. పత్తి అమ్మిన డబ్బు, ప్రభుత్వం వేసే డబ్బు పడే ఖాతాను యూపీఐకి జతచేయకండి. రోజువారీ ఖర్చుకు వేరే ఖాతా పెట్టుకుని, దాన్నే ఫోనుకు కలపండి. కృష్ణగిరి నుంచి పత్తికొండ మార్కెట్టుకు టమాటా పెట్టెలు వేసుకుపోయే రైతు ఆటో బాడుగకు, హమాలీకి, టీకి కొట్టేది ఆ చిన్న ఖాతాలోంచే. పంట డబ్బు స్కానర్ ముఖమే చూడదు.

ఏటీఎం కార్డు లేనివాళ్లు ఆధార్ ఓటీపీతోనూ పిన్ పెట్టుకోవచ్చు. మామూలు బటన్ ఫోను ఉన్నవాళ్లకు 2022 మార్చి నుంచి యూపీఐ 123పే ఉంది. 2025 అక్టోబరు నుంచి పిన్ బదులు వేలిముద్రతోనో ముఖంతోనో కట్టే పద్ధతీ వస్తోంది. కండ్లు ఆనని అవ్వకు అది చీటీ అవసరం తప్పించవచ్చు.

పోయిందని తెలిసిన మొదటి గంట

డబ్బు పోయిందని తెలియగానే మనవాళ్లు చేసే మొదటి పని సిగ్గుపడటం. ఎవరికీ చెప్పరు. మర్నాడు బ్యాంకుకు పోదామనుకుంటారు. ఆ రాత్రిలోనే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. చేయాల్సింది ఒక్కటే: వెంటనే 1930కి ఫోన్. దేశమంతటికీ ఒకటే నంబరు. మీరు చెప్పిన వివరాలతో అవతలి బ్యాంకులను అప్రమత్తం చేసి, డబ్బు ఇంకా ఏదో ఖాతాలో నిలిచి ఉంటే అక్కడే ఆపుతారు. తర్వాత బ్యాంకుకు చెప్పి ఖాతా స్తంభింపజేయాలి. ఫోనే పోతే ముందు సిమ్మును ఆపించాలి, ఆపై సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోనును బ్లాక్ చేయించాలి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే 'కస్టమర్ కేర్' నంబర్లకు మాత్రం ఫోన్ చేయొద్దు. అక్కడా వలలు పన్ని ఉంటాయి. నంబరు యాప్ లోపల, పాస్‌బుక్ మీద చూసుకోండి.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మూడోవాళ్ల వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మనకు అంటదు. పిన్ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే. అందుకే ప్రతి నిమిషానికీ విలువ. మోసమేమీ లేకుండా డబ్బు మధ్యలో చిక్కుకుపోతే మాత్రం కంగారు అక్కర్లేదు. ఒక మనిషి నుంచి మరో మనిషికి పంపినది చేరకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్నది 2019 నుంచి ఉన్న నిబంధన.

నోటు ఎక్కడికీ పోలేదు

2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ కాసేపు మొరాయించింది. హోటళ్లలో తిన్నవాళ్లు బిల్లు కట్టలేక కూర్చున్నారు. దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరానికి వేలమంది చేరినచోట సిగ్నల్‌ను నమ్ముకోవడం కష్టం. రాష్ట్రంలో అవ్వాతాతలకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇంటి గడప దగ్గర ఈనాటికీ నోట్ల రూపంలోనే అందుతోంది. వేలిముద్ర వేయించుకుని, లెక్కపెట్టి చేతిలో పెడతారు. కాబట్టి రెండు వందల రూపాయలు కొంగున ఉండనివ్వండి. అది వెనకబాటుతనం కాదు, ముందుచూపు.

ఫోను పర్సు కావడం మంచిదే. చిరిగిన నోటు గొడవ లేదు, చిల్లర బదులు చాక్లెట్టు లేదు, జేబుదొంగ భయం తగ్గింది. కానీ దానికి తాళం వేసే బాధ్యతను కంపెనీకో బ్యాంకుకో వదిలేస్తే కుదరదు. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరైతే ఆ ఫోను కొనిచ్చారో, వాళ్లే కాస్త కూర్చుని ముడేయడం కూడా నేర్పాలి.

 ఇంట్లో అమ్మదో అవ్వదో ఫోను ఒకసారి చేతిలోకి తీసుకోండి. లాక్ ఉందా చూడండి. యూపీఐకి ఏ ఖాతా కలిపి ఉందో చూడండి. ఫోను వెనక్కి తిప్పి కవరు విప్పండి. లోపల నాలుగంకెల చీటీ ఉంటే చించేసి, పిన్ మార్చేయండి. ఖాళీ అయిన ఆ చోట ఇంకో చీటీ పెట్టండి. దాని మీదా నాలుగు అంకెలే రాయండి: 1930.